శాసనసభకు శాస్త్రపు సలహా
(డోర్నకల్ మున్నూరుకాపు వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసపు పాఠము)



ఈ మహాసభయందు మాటలాడుమని నన్ను కోరినప్పుడు కార్యదర్శిగారు విషయమును నా యిష్టమునకే విడిచిరి. ఇట్టి సభలలో వాడుకగా వచ్చు విషయములు మనకు క్రొత్తవి కావు. విద్యార్థి వసతిగృహము, వివాహవ్యయములను తగ్గించుట, ఉద్యోగములలోను చట్టసభలలోను మనకు రావలసిన భాగము, ఇవి యన్నియు ముఖ్యములే. నాకు ముందు మాటలాడిన పెద్దలు వానినిగూర్చి నాకంటె బాగుగా సెలవిచ్చిరి. నేను మాత్రము చెవి కంతగా నింపుగాని విషయము నొకదాని నెత్తుకొనుచున్నాను. మన శాసనసభ్యులు విత్తనమును గుఱించి, పురుగుమందును గుఱించి, త్రాగునీటిని గుఱించి నిర్ణయములు చేయునప్పుడు ఆ విషయములందలి శాస్త్రమును వారికి తెలుపువా రెవరు? తెలుపగల విద్వాంసులు విశ్వవిద్యాలయములలో నుండగా, అందుకై యా విశ్వవిద్యాలయములు ప్రత్యేకముగా నొక కార్యాలయమును తెఱచి యుంచరాదా?

ఇది కులసభకు తగిన ప్రసంగమా యని కొందరు పెదవి విఱువవచ్చును. ఈ పందిటిలో కూర్చున్నవారిలో ప్రత్తి వేసి యెఱుగని యిల్లు గాని, మిరపతోట పెట్టి యెఱుగని యిల్లు గాని యెన్ని కలవో మీరే చూచుకొనుడు. పట్నములలో నుద్యోగము చేయు మన పోషకులకు సైతము ఊరిలో అన్నయో, మేనమామయో నాగలి విడువక యున్నాడు. విత్తనము చెడినచో చెడునది మన యిల్లే. కావున నిది మన ప్రసంగమే.

డోర్నకల్ చిన్న యూరు. అయినను కాజీపేట, విజయవాడల నడుమ నున్న యీ జంక్షనునుండి బొగ్గుగనుల వైపునకు శాఖామార్గము చీలుటచేతను, ఆంగ్లికన్ క్రైస్తవసంఘమున 1912లో మొట్టమొదటి భారతీయ బిషప్పైన అజరయ్యగారు తమ పీఠము నిచ్చట నేర్పఱచుకొని, 1939లో ఆ గొప్ప దేవాలయమును ప్రతిష్ఠించుటచేతను దీని పేరు దూరదేశములకు ప్రాకినది. పెద్ద యాలోచన పెద్ద నగరముననే పుట్టవలెనను నియమము లేదని చెప్పుట కీ మాట యెత్తితిని గాని, ఊరివారిని సంతోషపెట్టుటకు గాదు.

మొదట నొక చిన్న సంగతి చెప్పెదను. 2021వ సంవత్సరము చివరను ఈ ప్రాంతపు మిరపతోటలకు వచ్చిన యాపద మీకు జ్ఞాపకముండును. ఖమ్మము, మహబూబాబాదు, వరంగల్లు ప్రాంతములలో తోటలు పచ్చగా నేపుగా పెరిగి, పూత పూసి, ఆ పూవులలో నల్లని సన్నపురుగులు గుంపులుగా చేరి, పూత యంతయు రాలిపోయినది. ఎకరమునకు లక్షకు పైగా పెట్టుబడి పెట్టినవారు తోటలను పెఱికివేసిరి. కొందరు ప్రాణములనే తీసికొనిరి. ఆ దినములలో నొక రాత్రి ఒక శాసనసభ్యుడు నాకు ఫోను చేసెను. ఆయన పేరు చెప్పుట యనవసరము, పక్షము చెప్పుట మఱింత యనవసరము. ఆయన యొకప్పుడు నా తరగతిలో జంతుశాస్త్రము చదివిన వాడగుటచేత నన్ను మఱచిపోలేదు. "సార్! మిరపను గుఱించి సభలో మాటలాడవలసి యున్నది. ఇది క్రొత్త పురుగని యొకరందురు, పాత తామరపురుగే యని మఱియొకరందురు. విత్తనమే చెడ్డదని రైతు లనుచున్నారు. తమ మందు సరిగా కొట్టకపోవుటచేత నిట్లైనదని దుకాణములవా రనుచున్నారు. ఏది నిజము? నేనేమి యడుగవలెను?" అని ఆయన ప్రశ్న.

నేను తరగతిగదిలో చెప్పిన పాఠము ముప్పది యేండ్ల నాటిది. ఆ రాత్రి రెండు జాముల వఱకు కూర్చుండి వెదకితిని. తెలిసిన దేమనగా, ఆ పురుగు ఆగ్నేయాసియా దేశములనుండి వచ్చినది. శాస్త్రజ్ఞులు దానిని థ్రిప్స్ పార్విస్పైనస్ అందురు. మన దేశమున బొప్పాయి చెట్లపై దీనిని కనుగొన్నట్లు 2015లోనే శాస్త్రపత్రికలలో ప్రకటింపబడినది. అది పూవు లోపల దాగియుండును గనుక పైపైన కొట్టిన మందు దానికి తగులదు. తీవ్రమైన మందులు మాటిమాటికి కొట్టినచో దానిని తిను మేలుపురుగులు చచ్చి, అది మఱింత పెచ్చుపెరుగును. తొలిదశయందే నీలిరంగు జిగురట్టలు పెట్టి కనిపెట్టుట మొదలైన యుపాయములున్నవి. ఇవన్నియు శాస్త్రజ్ఞు లెఱిగినవే. అయినను పత్రికలో ప్రకటింపబడిన నాటికిని తోటలు పెఱికిన నాటికిని నడుమ ఆఱేండ్లు గడచినవి. ఆ యాఱేండ్లలో ఆ సమాచారము ఆంగ్లపత్రికలలో నుండినది గాని, మన భాషలో నాలుగు పుటలుగా నొక శాసనసభ్యుని చేతికి రాలేదు. నాబోటి విశ్రాంతోపాధ్యాయుడు అర్ధరాత్రివేళ తోచినంత చెప్పగా ఆయన వ్రాసికొనెను. రాష్ట్రపు శాసనకర్తకు శాస్త్రసలహా చేరుట కిదియా మార్గము?

ఇప్పుడు ప్రత్తి కథకు వత్తును. ఇది పెద్ద కథ, మన జిల్లా కథ.

1997-98 పంటకాలమున వరంగల్లు జిల్లాలో ప్రత్తిపై లద్దెపురుగును, శనగపచ్చ పురుగును విరుచుకొనిపడినవి. మందుమీద మందు కొట్టినను పురుగు చావలేదు. అప్పటికే యా మందులకు పురుగు లలవాటుపడి యుండెను, కొన్ని మందులు కల్తీవి. విత్తనము నమ్మినవాడే మందు నమ్మును, మందు నమ్మినవాడే ఉద్దెర పెట్టును, ఉద్దెర పెట్టినవాడే పంటను తూచుకొనును. వ్యవసాయసలహా చెప్పువాడును వాడే. పురుగును చంపని మందును రైతులు త్రాగి చచ్చిరి. ఈ సభలో ఆ సంవత్సరము నెఱిగిన కుటుంబములు కలవు గనుక నే నింతకంటె వర్ణింపను.

2002లో కేంద్రప్రభుత్వము బీటీ ప్రత్తి కనుమతి నిచ్చినది. మొక్కయే పురుగునకు విషమగునట్లు జన్యువును చేర్చిన విత్తన మది. మొదట ననుమతింపబడిన మూడు సంకరములకు 2005లో ఆంధ్రప్రదేశమున అనుమతి పొడిగింపబడలేదు. అటుపిమ్మట వేఱు సంకరములు వచ్చినవి, రైతు లాశతో కొనిరి. 450 గ్రాముల పొట్లము వెల 1600 రూపాయలకు పైమాట. అందులో 1250 రూపాయలు జన్యువు యొక్క హక్కుదారునకు చేరు రుసుము. 2006లో రాష్ట్రప్రభుత్వము ఏకస్వామ్య వ్యాపారములను విచారించు కేంద్రసంఘము నెదుట నీ రుసుము అన్యాయమని వాదించి, పొట్లము వెలను 750 రూపాయలకు దింపినది. 2007లో ఆంధ్రప్రదేశ శాసనసభ ప్రత్తి విత్తనముల సరఫరాను, పంపకమును, అమ్మకపు ధరను నియమించు చట్టమును చేసినది. గుజరాతు, మహారాష్ట్రములు తరువాత నిట్టి చట్టములనే చేసికొన్నవి. తరువాత కేంద్రము 2015లో ధరనియంత్రణ యుత్తరువు నిచ్చి, 2016 నుండి దేశమంతటను ఒకే వెల, బీజీ రెండవరకమునకు 800 రూపాయలుగా, నిర్ణయించినది. శాసనసభ తలచుకొన్నచో నెంత పని చేయగలదో చూచితిరా! తెలుగువారి చట్టము దేశమునకు దారి చూపినదని చెప్పుకొనుట యతిశయోక్తి గాదు. ఆ పని చేసినవారికి, వా రే పక్షమువారైనను, నా నమస్కారము.

కాని ఆ చట్టము ధరను పట్టుకొన్నది, పురుగును పట్టుకొనలేదు. ఇందు శాసనకర్తల తప్పుకంటె వారికి సలహా చెప్పువారి కొఱత యెక్కువ. బీటీ విత్తనముతో పాటు 120 గ్రాముల వేఱు పొట్లమొకటి యిచ్చుచుండిరని మీకు తెలియును. అది సాధారణపు ప్రత్తి విత్తనము. పొలము చుట్టును ఐదు సాళ్లో, లేక పొలములో ఐదవ వంతో, ఏది యెక్కువైన నది, ఆ సాధారణపు విత్తనమును వేయవలెనని నియమ ముండెను. ఎందుకు? పురుగులు లక్షలకొలది యుండగా వానిలో ఆ విషమునకు చావనివి యేవో కొన్ని యుండును. పొలమంతయు బీటీ యైనచో చావనివి చావనివానితోనే జతపడును, సంతానమంతయు చావనిదే యగును. ప్రక్కన సాధారణపు ప్రత్తి యున్నచో నచ్చట బ్రతికిన సాధారణపు పురుగులతో జతపడి సంతానము మరల విషమునకు లొంగుచుండును. శాస్త్ర మిది, చక్కనిది. కాని ఒకటి రెండెకరముల కౌలురైతు తన పొలములో ఐదవ వంతును పురుగునకు ధర్మము చేయునా? మా యింటిలో ఆ చిన్నపొట్లమును చూరులో చెక్కి మఱచిరి. నేను జంతుశాస్త్రము చెప్పువాడనై యుండియు ఇదేమని యడుగలేదు. మీ యిండ్లలో నేమి చేసిరో మీరే యెఱుగుదురు.

ఫలిత మేమైనది? గులాబిరంగు పురుగు మొదటి జన్యువునకు చావకుండుటను 2010 నాటికి గుజరాతులో గుర్తించిరి. రెండు జన్యువులున్న విత్తనము 2006లోనే వచ్చియుండెను, దానికిని ఆ పురుగు కొన్నియేండ్లలో నలవాటు పడినది. 2017 వానాకాలపు పంట నాటికి మన ప్రత్తికాయ విప్పినచో లోపల గులాబిరంగు పురుగు కనబడుట సామాన్యమైనది. జన్యువు పని తగ్గినను పొట్లము వెల మాత్రము నిలిచి యున్నది.

2007లో ఆ చట్టము చర్చకు వచ్చునప్పుడు ఒక శాసనసభ్యుని బల్లపై నాలుగు పుటల పత్రమొకటి యుండెననుకొనుడు. అందు నింత మాత్రము వ్రాసియున్నదనుకొనుడు: ఈ విత్తనపు శక్తి సాధారణపు సాళ్లపై నాధారపడి యున్నది. చిన్నరైతు వానిని వేయడు. రెండు విత్తనములను కంపెనీయే యొకే సంచిలో కలిపి యమ్మునట్లు చేయవచ్చును. లేనిచో నిన్ని సంవత్సరములలో పురుగు తిరుగబడును. ఆ సభ్యుడు లేచి, "వెల సరే, శక్తి మాటేమి?" యని యడిగి యుండునేమో! సంచిలో కలిపి యమ్ము పద్ధతి మన దేశమున తరువాత నెప్పుడో వచ్చినది, అప్పటికి పురుగు పని యైపోయినది.

శాస్త్రవిషయములు ఢిల్లీవారి పని, మన శాసనసభకు సంబంధము లేదు అని కొందరందురు. ఇది పొరపాటు. మన రాజ్యాంగమున రాష్ట్రముల జాబితాలో 14వ యంశమును చదువుడు. వ్యవసాయము, వ్యవసాయవిద్య, పరిశోధన, పురుగులనుండి రక్షణ, మొక్కల తెగుళ్ల నివారణ యన్నియు రాష్ట్రముల యధికారమే. 2011 నుండి జన్యుమార్పిడి పైరులను పొలములో పరీక్షించుటకు సైతము రాష్ట్రప్రభుత్వపు సమ్మతి కావలసినదిగా కేంద్రసమితి నియమించినది. అధికారము మనవద్ద నున్నది, ఆ యధికారమును నడపు తెలివి మాత్రము వేఱొక చోట నున్నది.

మంత్రులకు శాఖలున్నవి, కార్యదర్శులున్నారు, విశ్వవిద్యాలయపు పెద్దలు పిలువగానే వత్తురు. నిజమే. వెనుక బల్లపై కూర్చున్న సాధారణసభ్యునకో? ప్రతిపక్షసభ్యునకో? ఆయనకు నొక సహాయకుడు, నొక కారు, వందలకొలది యర్జీలు. సభలో ప్రశ్న యడుగవలసినవాడును, మంత్రి చెప్పిన సమాధానమును తూచి చూడవలసినవాడును ఆయనయే. ఆయనకు సలహా చెప్పుటకు కంపెనీల ప్రతినిధులు మాత్రము తీరిక చేసికొని వత్తురు, చక్కని రంగుల పుస్తకములతో!

ఇతరదేశములలో నీ లోపము నెట్లు తీర్చుకొనిరో చెప్పెదను. అమెరికాలో విస్కాన్సిన్ అను పాడిపంటల రాష్ట్రము కలదు. దాని రాజధానియైన మాడిసన్ నగరమున శాసనసభాభవనమునకును విశ్వవిద్యాలయమునకును నడుమ నొక తిన్నని వీధి, మైలు దూరము. 1890లో అచ్చటి విశ్వవిద్యాలయపు ఆచార్యుడు స్టీఫెన్ బాబ్కాక్ పాలలో వెన్న యెంత యున్నదో తేల్చు సులభమైన పరీక్షను కనుగొనెను. అంతకుముందు పాలను తూకముచేత కొనుచుండిరి గనుక నీళ్లు కలిపినవాడు లాభపడి, చిక్కని పాలు పోసినవాడు నష్టపడుచుండెను. ఆ పరీక్షపై బాబ్కాక్ హక్కుపత్రము తీసికొనక లోకమునకు విడిచెను. మన యూరి పాలకేంద్రములో కొవ్వుశాతమును చూచి వెల కట్టుట కూడ నీ జాతి పరీక్షవలననే. 1901లో అదే నగరమున చార్లెస్ మెకార్థీ యనునాతడు శాసనసభ్యులకొఱకు ఆధారగ్రంథాలయమును స్థాపించెను. సభ్యు డే పక్షమువాడైనను వచ్చి, "ఈ విషయమున ఇతరరాష్ట్రము లేమి చేసినవి? ఏమి ఫలితము కలిగినది?" యని యడుగవచ్చును. వలసినచో విశ్వవిద్యాలయపు ఆచార్యులను పిలిపించి కూర్చుండబెట్టుదురు. జాన్ కామన్స్ అను అర్థశాస్త్రాచార్యుడు 1905 నాటి యుద్యోగనియామక చట్టము మొదలుకొని 1911 నాటి పారిశ్రామిక సంఘపు చట్టము వఱకు ముసాయిదాలలో చేయి కలిపెను. ఆ మైలు వీధి నడచుటకు వెఱవని ఆచార్యులు, వారిని పిలుచుటకు సిగ్గుపడని శాసనకర్తలు, ఇంతే ఆ రాష్ట్రపు రహస్యము. రాజేంద్రనగరమునందలి మన వ్యవసాయ విశ్వవిద్యాలయమునుండి శాసనసభాభవనమునకు సుమారు పదునైదు కిలోమీటర్లు. దూర మొక యడ్డంకి గాదు.

ఇంగ్లండులో 1989లో పార్లమెంటు సభ్యుల యుపయోగమునకై శాస్త్రసాంకేతిక కార్యాలయ మొకటి మొదట దాతల ద్రవ్యముతో నారంభమైనది. పోషకులు దయచేసి యీ మాట చిత్తగింపవలెను. దాని పని చూచిన పిదప 1993లో పార్లమెంటు తన ఖర్చుతో నడుపుట కంగీకరించి, 2001లో శాశ్వతము చేసినది. అది వెలువరించు పత్రములు నాలుగేసి పుటలు. అందు పరిశోధన యేమి చెప్పుచున్నది, ఎచ్చట అభిప్రాయభేదమున్నది, ఏయే మార్గములున్నవి యని యుండును. ఈ మార్గమే మేలని మాత్రము చెప్పరు. కాలిఫోర్నియాలో 1988లో శాసనసభ తీర్మానముమీదుగా శాస్త్రమండలి యేర్పడి, 2009 నుండి శాస్త్రములో డాక్టరు పట్టము పొందిన యువకులను ఏడాదిపాటు శాసనసభా కార్యాలయములలో పని చేయించుచున్నది. మన దేశమునను 2010 నుండి యువకులు పార్లమెంటు సభ్యులకు సహాయకులుగా పరిశోధన చేసిపెట్టు పద్ధతి నడచుచున్నది. ఇది అసాధ్యమను మాట కవకాశము లేదు.

ఒక హెచ్చరిక కూడ చెప్పవలెను. అమెరికా కేంద్రశాసనసభ 1972లో ఇట్టి కార్యాలయమును చట్టముద్వారా నెలకొల్పి, 1995లో తానే ద్రవ్య మాపి మూసివేసినది. అది పెద్ద పెద్ద గ్రంథములు వ్రాసెడిది, ప్రశ్న తీరిపోయిన పిదప నవి చేతికి వచ్చెడివని కొందరు నిందించిరి. ఒక పక్షమువైపు మొగ్గినదని మఱికొందరి యనుమానము. నిందలు న్యాయమైనవా కావా యని నేను తేల్పను. ఇరుపక్షముల నమ్మకము తప్పినచో నెంతటి విద్వాంసుల కార్యాలయమైనను నిలువదని మాత్రము తెలిసికొనవలెను.

మనకు వచ్చు చిక్కులు వేఱు, వానిని దాచుట నాకిష్టము లేదు. విత్తన కంపెనీలు తమ సంకరములను పరీక్షింప విశ్వవిద్యాలయములకు రుసుము చెల్లించుట వాడుకలో నున్నది. రుసుము పుచ్చుకొన్న చేయి నిర్భయముగా వ్రాయునా? అందుచేత సలహా వ్రాసినవా రెవరివద్ద నేమి పుచ్చుకొనిరో ఆ పత్రపు మొదటిపుటలోనే యచ్చువేయవలెను. ఉపాధ్యక్షుల నియామకమందు ప్రభుత్వపు చేయి యున్నది. అధికారపక్షమునకు రుచింపని మాట చెప్పగలరా? అందుచేత పత్రము లేవియు రహస్యములు కాగూడదు. అడిగిన సభ్యునకు చేరిన దినముననే జనులకును చేరవలెను. తెలుగులో వ్రాయవలెను, ఆంగ్లములో వ్రాసి యనువదించినది కాదు. "ప్రతిరోధకశక్తి" యని వ్రాసి యూరకున్నచో ఏ సభ్యునకు తెలియును? "మందుకు పురుగు చావదు" అని వ్రాయవలెను. మన ఆచార్యులకు నిది కొంత కష్టమే. నాకును కష్టమే యైనది.

మఱియొకటి. శాస్త్రము చెప్పినదే చట్టము కాగూడదు. సాధారణపు సాళ్ల విషయమున శాస్త్రజ్ఞుల మాట సత్యము, కౌలురైతు కష్టమును సత్యము. ఈ రెంటిని తూచి యెవరు భారము మోయవలెనో నిర్ణయించుట ప్రజలు పంపిన సభ్యుని పని. సలహాకార్యాలయ మా త్రాసులో రాళ్లు సరిగా నున్నవో లేవో చెప్పవలెను, త్రాసును తానే పట్టుకొనరాదు.

ఇది తొందరపడవలసిన సమయమని యేల యనుచున్నాను? విత్తనములపై నేటివఱకు మనకు మూలమైన చట్టము 1966 నాటిది. దానిని మీఱినవానికి మొదటి నేరమునకు శిక్ష యెంతయో తెలియునా? అయిదువందల రూపాయలకు మించని జుల్మానా! మరల చేసినచో నాఱుమాసముల వఱకు ఖైదు గాని, వెయ్యి రూపాయల జుల్మానా గాని, రెండును గాని. నష్టపోయిన రైతునకు పరిహార మిప్పించు మాట అందు లేదు. ఆంధ్రప్రదేశపు రైతుల వ్యాజ్యములో 2012లో సుప్రీముకోర్టు, విత్తనము కొన్న రైతును వినియోగదారుడే, వినియోగదారుల న్యాయస్థానమున కేగవచ్చునని తీర్పు చెప్పుటచేత నొక దారి దొరికినది. క్రొత్త విత్తనబిల్లులు 2004 నుండి పలుమార్లు వచ్చి చట్టములు కాక నిలిచినవి. 2025 నవంబరులో కేంద్రప్రభుత్వము మఱియొక ముసాయిదాను జనాభిప్రాయమునకై ప్రకటించినది. ఇట్టి ముసాయిదాలలో జుల్మానా యెంత యనుటకంటె ముఖ్యమైన ప్రశ్న వేఱొకటి కలదు. విత్తనము చెడినదని రుజువు చేయుట యెట్లు?

మా పెదనాయన కుమారుడు ఒకయేడు మిరుగు కార్తెలో ఉద్దెరకు విత్తనము తెచ్చెను. బిల్లు లేదు, చీటీపై అంకెలు మాత్రము. మొక్క చక్కగా మొలచి యెదిగినది, కాయ కట్టలేదు. మూడుమాసముల పిదప చూడవచ్చిన యధికారులు పొట్లమేదని యడిగిరి. పొట్లము పొయ్యిలో పడి చాలకాల మైనది. విత్తనపు దోషమో, వానల దోషమో తేల్చుట సాధ్యము గాదని వ్రాసిపోయిరి. వారు వ్రాసినది తప్పు గాదు. ప్రత్తివిత్తనము మొలచునో లేదో పండ్రెండు దినములలో పరీక్షించి చెప్పవచ్చును. అది చెప్పినజాతిదేనా యని పొలములో పెంచి చూచినచో పంటకాల మంతయు పట్టును. జన్యుపరీక్షచేత నిప్పుడు కొలదిదినములలో తేలును, కాని దానికి మిగిలిన విత్తనము చేతనుండవలెను. కావున చట్టములో నుండవలసినది ఇది: అమ్మకమునకు ముందే ప్రతి లాటునుండి నమూనా తీసి ప్రభుత్వము భద్రపఱచవలెను. అట్లైనచో రుజువు భారము రైతు పొయ్యిలో కాలిపోదు. ఇట్టి ప్రశ్నను శాసనసభ్యుని నోట పెట్టుటకే నే నడుగుచున్న కార్యాలయము.

ఇందు మన సంఘము చేయగల దేమి? శాసనసభాపతిగారికిని, వ్యవసాయ విశ్వవిద్యాలయమునకును, వరంగల్లు కాకతీయ విశ్వవిద్యాలయమునకును మహాజరు పంపుడని నేను ప్రతిపాదించుచున్నాను. తీర్మానములకు మన సభలలో నెన్నడును లోపము లేదు గనుక నంతటితో తృప్తిపడను. పోషకులు విద్యార్థివేతననిధికి ఏటేట నిచ్చుచున్న ధనమునుండి రెండు వేతనములను వేఱుచేయవలెను. వ్యవసాయశాస్త్రమందో, జీవశాస్త్రమందో పై పట్టము పొందిన యిరువురు యువజనులు, యువతులైనను సరే, శాసనసభ జరుగు దినములలో అడిగిన సభ్యులందరికిని తెలుగులో పత్రములు వ్రాసిపెట్టవలెను. విశ్వవిద్యాలయపు ఆచార్యులు చూచి సరిదిద్దిన గాని ఆ పత్రములు బయటికి పోగూడదు.

ఈ రెండు వేతనములు మన కులపు పిల్లలకే యని నియమము పెట్టవలదు. ఈ మాట కొందరికి కష్టముగా నుండునని యెఱుగుదును. నిన్న కార్యవర్గమున నిద్దరు పెద్దలు నాతో నిట్లే వాదించిరి. ద్రవ్యము మనది గదా, మన పిల్లలలో చదివినవారు లేరా యనిరి. ఉన్నారు, వారు పోటీచేసి గెలుచుకొందురు గాక! మనపిల్లలకు మనము పెట్టు వసతిగృహము వేఱు, శాసనసభకు పోవు సలహా వేఱు. ఫలానా కులమువారు వ్రాయించినదను మాట పుట్టిన దినమున నా పత్రమును రెండవ సభ్యుడు ముట్టడు. ఇంగ్లండున దాతలు మొదట ధనమిచ్చిరి, పిదప ఆ కార్యాలయము నిలిచినది. ఆ పెద్దలు నా మాట కింకను సమ్మతింపలేదు. సాయంకాలపు కార్యవర్గసమావేశమున తేల్చవలసియున్నది. సభ్యు లందరును రావలెనని నా ప్రార్థన.

ఇక నీ యేటి పని యొకటి. ద్వారము నొద్ద బల్లపై చేతిపుస్తక మొకటి పెట్టించితిని. ఈ వానాకాలమునకు విత్తనము కొన్నవారు రకము పేరు, లాటు నంబరు, కొన్న దినము, బిల్లున్నదో లేదో అందు వ్రాసిపోవలెను. దుకాణము పేరు వ్రాయనక్కఱలేదు. పొట్లమును చింపక, పిడికెడు గింజలతో సహా డబ్బాలో పెట్టి మూత బిగించి యుంచుడు. వ్రాయుట రానివారికొఱకు మన వసతిగృహపు విద్యార్థు లిద్దరు ఆ బల్లవద్దనే కూర్చుండియున్నారు. భోజనములకు లేచునప్పుడు అటువైపుగా పొండు.